బోర్డు కుర్చీ, ఏడో నంబరు బస్సు

సేంట్ ఫెలిసిటే, మెయిన్
నవంబరు 10, 1991

చెల్లీ క్లాడెట్,

ఫోన్ చెయ్యకుండా ఇంతేసి ఉత్తరాలు రాస్తావేమిటని అడిగావు. మా ఫోను వంటగది గోడకి ఉంది. ఆ గోడ పక్కనే మీ బావ కుర్చీ. కారణం అంతే.

అసలు విషయం రాస్తాను. మార్చిలో ఊరి సభలో స్కూల్ బోర్డుకి నిలబడదామనుకుంటున్నాను. మన ఊరి తరఫున ఉన్న ముసలాయన ఇక చాలంటున్నాడు. ఆ చోటు ఖాళీ అవుతుంది.

ఎందుకంటే, దుంపల సెలవులు. ఆగస్టులో బడి తెరిచి, సెప్టెంబరు మధ్యలో మళ్ళీ మూడు వారాలు మూసేసి, పిల్లల్ని బంగాళాదుంపల కోతకి పొలాలకి పంపడం ఈ రోజుల్లో ఏమిటని కొత్త సూపరింటెండెంట్ గొడవ. పూర్తిగా ఎత్తేస్తానంటున్నాడు. దుంపల వ్యాపారి నార్మన్ గెరెట్ ఒక్క రోజు కూడా తగ్గనివ్వనంటున్నాడు. అతనూ నిలబడుతున్నాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఏడో తరగతికి లెక్కలు చెప్పాను. ప్రతి సెప్టెంబరులో భిన్నాలు మొదలుపెట్టాను. ప్రతి అక్టోబరులో అవే భిన్నాలు మళ్ళీ మొదటినుంచి చెప్పాను. అయినా ఆ సెలవులు పూర్తిగా తీసేయమనను. హైస్కూలు పిల్లలు ఇప్పటికీ యంత్రాల మీద నిలబడి రాళ్ళూ మట్టిగడ్డలూ ఏరుతున్నారు. ఆ కూలితోనే చలికాలపు కోట్లు కొనుక్కునే ఇళ్ళు నాకు తెలుసు. చిన్న తరగతుల పిల్లల్ని మాత్రం ఇప్పుడు ఏ రైతూ పిలవడు. మూడు వారాలూ టీవీ ముందు కూర్చుంటారు. పెద్దవాళ్ళకి ఉంచాలి, చిన్నవాళ్ళకి తీసేయాలి. ఈ మాట అనేవాళ్ళు బోర్డులో లేరు. అక్కడ కూర్చున్నవాళ్ళలో క్లాసులో నిలబడ్డ మనిషి ఒక్కరూ లేరు.

మీ బావ బాగున్నాడు. మా పొలం వేలం వేసిన ఏడాది ఎలా ఉండేవాడో నువ్వు చూశావు. ఆ చలికాలమంతా ఖాళీ అయిపోయిన దుంపల కొట్లో పీపా మీద కూర్చునేవాడు. అన్నానికి పిలిస్తే వచ్చి తిని, మళ్ళీ అక్కడికే. స్కూలు వాళ్ళ ఏడో నంబరు బస్సు నడపడం మొదలుపెట్టాకే మనిషయ్యాడు. ఇప్పుడు ఏ పిల్ల ఏ మలుపులో ఎక్కుతుందో, ఎవరి కుక్క బస్సు వెంట పడుతుందో అన్నీ చెబుతాడు. రాత్రి బస్సు మా ముంగిట్లోనే. ఇంజను గడ్డకట్టకుండా తీగ లాగి కరెంటు తగిలించి, పడుకునే ముందు ఒకసారి బయటికెళ్ళి చూసి వస్తాడు. ఆవుని చూసొచ్చినట్టు.

నువ్వు క్లర్కు ఆఫీసులో పని చేస్తున్నావు కాబట్టి అడుగుతున్నాను. నిలబడటానికి నాకు అడ్డంకులేమైనా ఉంటాయా? జూన్‌లో రిటైరయ్యాను కాబట్టి ఉండవనే అనుకుంటున్నాను.

నీ అక్క,
ఒడీల్


వెస్ట్ హార్లో, మెయిన్
డిసెంబరు 1, 1991

అక్కా,

చిన్నప్పుడు కోళ్ళని కూడా వరసలో నిలబెట్టేదానివి. ఇక బోర్డు వంతు వచ్చిందన్నమాట. వాళ్ళ మీద జాలిగా ఉంది.

నీకు అడ్డేమీ లేదు. కానీ ఒకటుంది. బోర్డులో ఉన్నవాళ్ళు గానీ, వాళ్ళ భార్యాభర్తలు గానీ ఆ బోర్డు నడిపే స్కూళ్ళలో జీతానికి పని చెయ్యకూడదు. రాష్ట్రం పెట్టిన నిబంధన. నా అనుమానం తీరక మా ఊరి లాయరుని కూడా అడిగాను. బస్సు డ్రైవర్లు కూడా అందులోకే వస్తారన్నాడు. మీ దగ్గర బస్సులు కాంట్రాక్టరువి అయ్యుంటే గొడవే ఉండేది కాదు. బావకి జీతమిచ్చేది స్కూళ్ళే కదా.

నిలబడొచ్చు. గెలవొచ్చు. చెయ్యెత్తి ప్రమాణం చేసే నాటికి మాత్రం ఆయన బస్సు దిగి ఉండాలి. లేదా నువ్వు ఆ కుర్చీ వద్దనాలి.

బావ ఏమన్నాడో రాయి. ఈ ఉత్తరం చదవగానే చెప్పేసి ఉంటావని నాకు తెలుసు.

క్లాడెట్


సేంట్ ఫెలిసిటే
జనవరి 12, 1992

చెల్లీ,

పండగలు గడిచాయి. మంచు కిటికీ అంచుదాకా వచ్చింది. నువ్వు పంపిన స్వెట్టరు మీ బావకి భుజాల దగ్గర బిగుతయింది. అయినా దాన్నే వేసుకుని తిరుగుతున్నాడు.

నేను ఇళ్ళకి వెళుతున్నాను. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ కూర్చోమంటారు, వేడివేడి ప్లోయ్ అట్లు పెడతారు, తినకపోతే ఓటెయ్యరేమోనని తింటున్నాను. నిన్న బెయిలీ రోడ్డులో ఒకావిడ, "టీచరమ్మా, మావాడిని మీరు రెండేళ్ళు ఒకే క్లాసులో ఉంచారు, గుర్తుందా?" అంది. గుర్తుందన్నాను. "మంచి పని చేశారు. ఓటు మాత్రం నార్మన్‌కి వేస్తాను. మా దుంపలు కొనేది అతనే," అంది. ఇంకో అట్టు వేసింది.

నా పేరు ప్రతిపాదించడానికి పక్కింటి జెడియన్ ఒప్పుకున్నాడు. మాట తడబడకుండా వాళ్ళావిడ ముందు చెప్పి చూసుకుంటున్నాడట.

నువ్వు రాసిన నిబంధన చూశాను. చెప్తాను. గెలుస్తానో లేదో తెలియని దానికి ఇప్పుడే అతని మనసు పాడుచెయ్యడం ఎందుకు? ఓడిపోతే చెప్పాల్సిన అవసరమే ఉండదు కదా. ఈ చలికాలం ఆ కొట్టు తలుపు ఒక్కసారి కూడా తెరవలేదతను. దాని ముందు మంచు కూడా తవ్వలేదు. నేను రోజూ ఆ తలుపు చూస్తాను.

ఒడీల్


వెస్ట్ హార్లో
ఫిబ్రవరి 2, 1992

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు పేజీలున్నాయి. అట్ల గురించి ఒక పేజీ. బావకి చెప్పడం గురించి "చెప్తాను" అని ఒక్క మాట.

నీకో సంగతి చెప్పనా. పోయిన ఏడాది మా ఊళ్ళో ఒకావిడ గెలిచింది. భర్త స్కూలు వంటగదిలో పని. ఆయనకి ఈ నిబంధన సంగతి తెలిసింది మంగలి షాపులో. ఆయన పని వదిలినందుకు బాధపడలేదు, షాపులో కూర్చున్నవాళ్ళందరికీ తన కన్నా ముందు తెలిసినందుకు బాధపడ్డాడు. ఆయన రాజీనామా కాగితం ఇవ్వడానికి మా ఆఫీసుకే వచ్చాడు. నా ముందే నిలబడ్డాడు. ఆవిడ కారులో కూర్చుంది.

మీ ఊరు మా ఊరికన్నా చిన్నది. సూపరింటెండెంటుకి తెలిసే ఉంటుంది. లొరెట్ మీ ఊరి క్లర్కు కాబట్టి ఆవిడకీ తెలుసు. నార్మన్‌కి తెలిస్తే సభలో లేచి అడగడూ? అప్పుడు బావ ఎక్కడ కూర్చుని ఉంటాడో ఆలోచించు.

ఓడిపోతే చెప్పక్కర్లేదని రాశావు. ఓడిపోవాలని ఉందా నీకు? ఉంటే ఈ చలిలో ఇల్లిల్లూ ఎందుకు తిరుగుతున్నావు?

సభకి ముందే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను ఫోన్ చేస్తాను. ఆ ఫోను మోగితే ముందు ఎత్తేది బావే.

క్లాడెట్


సేంట్ ఫెలిసిటే
ఫిబ్రవరి 9, 1992

క్లాడెట్,

ఫోన్ చెయ్యకు. ఇది నా ఇంటి సంగతి. నేనే చెప్తాను.

గురువారం మొదలుపెట్టాను కూడా. భోజనం దగ్గర, "రెయల్, ఈ బోర్డు సంగతి," అన్నాను. "ఏమిటి?" అని స్పూను కింద పెట్టి నా వైపే చూశాడు. చాలాసేపు చూశాడు. నేను, "సభ రోజు భోజనాలకి బీన్స్ కుండ మనం పట్టుకెళ్ళాలట," అన్నాను. "సరే, తీసుకెళ్దాం," అన్నాడు. మళ్ళీ స్పూను తీసుకున్నాడు.

ఎందుకు చెప్పలేకపోయానో నాకే తెలియదు. నలభైమంది పిల్లలకి తప్పు తప్పని చెప్పి, వాళ్ళ తల్లిదండ్రులకీ చెప్పి బతికినదాన్ని.

రాత్రిళ్ళు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఈ మాట నీకు తప్ప ఎవరికీ రాయలేదు.

ఒడీల్


సేంట్ ఫెలిసిటే
మార్చి 22, 1992

చెల్లీ,

గెలిచాను. ఆరు ఓట్లు తేడా. జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వు తిట్టేది చివర్లో తిట్టు.

నిన్న శనివారం సభ. జిమ్ నిండిపోయింది. గోడ పొడుగునా బీన్స్ కుండలు. నేను మూడో వరసలో కూర్చున్నాను. మీ బావ పక్కన. జెడియన్ కుర్చీ ఖాళీ. తర్వాత తెలిసింది, పొద్దున్నే వాళ్ళ ఆవు ఈనడం మొదలుపెట్టిందట. దూడ అడ్డం తిరిగింది. అతను రాలేదు, కబురూ రాలేదు.

రోడ్ల బడ్జెట్ అయింది, ఫైరింజను అయింది. తర్వాత స్కూల్ బోర్డు. నార్మన్ పేరు ఒకరు చెప్పారు, ఇంకొకరు బలపరిచారు. సభాధ్యక్షుడు, "ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే పేర్లు ముగించేస్తాను," అన్నాడు. నేను తలుపు వైపు చూశాను. నిజం చెప్పాలంటే, క్లాడెట్, నాకు ఒక్క క్షణం ప్రాణం తేలికైంది. నా తప్పేమీ లేకుండానే అంతా అయిపోతుందనిపించింది.

అప్పుడు పక్కనుంచి మీ బావ లేచాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సభాధ్యక్షా, ఒడీల్ సిర్వా," అన్నాడు.

మన ఊళ్ళో ఇంటివాళ్ళ పేరు ఇంటివాళ్ళు చెప్పరని నీకు తెలుసు. పొరుగువాళ్ళు చెప్పాలి. జిమ్ అంతా నవ్వారు. వెనకనుంచి ఎవరో, "ఇంట్లో ఏలుతోంది చాలదా రెయల్?" అన్నారు.

"ఇంట్లో నాకు ఓటు లేదు. ఇక్కడైనా ఉందిగా," అన్నాడు మీ బావ.

ఇంకా నవ్వారు. ఎవరో బలపరిచారు. నేను నవ్వలేకపోయాను. అతను నా వైపు చూడకుండా కూర్చున్నాడు.

తర్వాత నార్మన్ లేచాడు. "పేరు చెప్పినాయన గురించి ఒక ప్రశ్న ఉంది," అన్నాడు. "రెయల్, ఆవిడ గెలిస్తే దుంపల సెలవుల్లో బస్సు కడగడానికి నీకు తీరిక ఉంచుతుందా, లేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. అతనికి తెలియదు. ఎగతాళి చేశాడంతే. నన్ను మాట్లాడమన్నారు. పెద్దవాళ్ళకి ఉంచాలి, చిన్నవాళ్ళకి తీసెయ్యాలి అని చెప్పాను. ఏమేం చెప్పానో నాకు గుర్తు లేదు. గొంతు మాత్రం క్లాసులో ఉన్నట్టే వచ్చిందట, జనం అన్నారు.

చీటీలు పెట్టెలో వేశారు, లెక్కపెట్టారు. లొరెట్ నా దగ్గరికి వచ్చి, "చెయ్యెత్తు ఒడీల్, ఇప్పుడే అయిపోతుంది. బీన్స్ చల్లారిపోతున్నాయి," అంది. నేను వారంలో ఆఫీసుకి వస్తానన్నాను. లొరెట్ నా మొహం చూసింది. రెండు పళ్ళేలు పట్టుకుని నిలబడ్డ రెయల్‌ని చూసింది. "ఏప్రిల్ ఆరున బోర్డు కూర్చుంటుంది. ఆ లోపల రా," అని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చే దారిలో కారు అతనే నడిపాడు. "జెడియన్ దూడ బతికిందో లేదో," అన్నాడు.

ఇంతే. ఇప్పుడు తిట్టు.

ఒడీల్


వెస్ట్ హార్లో
మార్చి 25, 1992

అక్కా,

తిట్టను. తిట్టి ప్రయోజనం ఉండే కాలం జనవరిలో అయిపోయింది.

నీకోసం ఊరందరి ముందూ లేచి నిలబడ్డాడు. నీ పేరు చెప్పింది తన పని పోగొట్టుకోవడానికని ఆయనకి తెలియదు. నువ్వు పక్కన కూర్చుని ఊరుకున్నావు. ఇది నేను రాయకపోతే నీకు ఇంకెవరూ రాయరు.

ఏప్రిల్ ఆరు లోపల చెప్పు. చెప్పకుండా లొరెట్ దగ్గర చెయ్యెత్తకు. ఆ ఒక్కటీ చెయ్యకు.

క్లాడెట్


సేంట్ ఫెలిసిటే
మార్చి 29, 1992

మరదలా,

నేను రెయల్. ఉత్తరాలు రాయడం నాకు అలవాటు లేదని నీకు తెలుసు. మీ అక్క చర్చికి వెళ్ళింది.

నిన్న నీ కవరు వచ్చింది. మీ అక్క దాన్ని దుంపల కొట్లోకి తీసుకెళ్ళి చదువుకుంది. తలుపు ముందు మంచు తనే తవ్వింది. ఆ కొట్టంటే తనకి ఎంత భయమో నాకు తెలుసు. దాన్నిబట్టి నువ్వేం రాశావో ఊహించాను. నేను కవరు తెరవలేదు.

నాకు డిసెంబరు నుంచే తెలుసు. బస్సుల గ్యారేజీ చూసుకునే గిల్మన్, మంచులో జారకుండా టైర్లకి గొలుసులు వేస్తూ, "మీ ఆవిడ గెలిస్తే నీ చోటికి ఇంకొకణ్ణి వెతుక్కోవాలి, ఎప్పటికి చెప్తావు?" అన్నాడు. తనే చెప్పి ఉంటుందనుకున్నాడు పాపం. నేను మార్చిలో చెప్తానన్నాను. ముందే తెలిసినట్టు నటించాను.

అప్పటినుంచి చూస్తున్నాను. ఇవాళ చెప్తుంది, రేపు చెప్తుంది అని. ఒక రోజు భోజనం దగ్గర మొదలుపెట్టింది. బీన్స్ కుండ అంది.

మీ అక్క క్లాసులో ఉత్త జవాబు రాస్తే మార్కులేసేది కాదు. జవాబు ఎలా వచ్చిందో నల్లబల్ల మీద చేసి చూపించమనేది. నన్ను మాత్రం జవాబు చూపించడానికి కూడా పిలవలేదు. పీపా మీద కూర్చున్నవాణ్ణి కాబట్టి ఇంకా పీపా మీదే ఉన్నాననుకుంటోంది. బస్సు పోతే నాకు బాధే. చాలా బాధ. కానీ విరిగిపోను.

సభలో లేచింది మంచితనంతో అనుకునేవు. కోపంతో లేచాను. నేను పేరు చెప్పాకైనా ఇంటికొచ్చే దారిలో చెప్తుందనుకున్నాను.

ఎల్మ్ రిడ్జ్ వాళ్ళ స్కూళ్ళలో ఒక డ్రైవరు కావాలట. అది వేరే బోర్డు. పోయిన నెలలో వెళ్ళి అడిగాను. రమ్మన్నారు. నేను ఇంకా ఒప్పుకోలేదు. మీ అక్క నాకు చెప్పి ప్రమాణం చేస్తే అక్కడికి వెళ్తాను. చెప్పకుండా చేస్తే బస్సు దిగను. ఎవరొచ్చి దింపుతారో దింపనీ.

నీకెందుకు రాస్తున్నానంటే, ఎవరికో ఒకరికి చెప్పకపోతే బస్సులో పిల్లల మీద అరుస్తానేమోనని. శుక్రవారం ఒకడి మీద అరిచాను. వాడు చేసింది పెద్ద తప్పేం కాదు.

మీ అక్కకి ఇది చెప్పకు.

రెయల్


వెస్ట్ హార్లో
ఏప్రిల్ 1, 1992

అక్కా,

నాకో సంగతి తెలుసు. అది నీకు చెప్పకూడదు. మాటిచ్చాను. ఏమిటని అడగకు, అడిగినా చెప్పను. ఉందని మాత్రం చెప్తున్నాను, ఎందుకంటే అది కూడా దాస్తే ఈ కుటుంబంలో దాచేవాళ్ళు ఎక్కువైపోతారు.

ఈ ఉత్తరం నీకు శుక్రవారానికి అందుతుంది. అందిన రోజే బావతో మాట్లాడు. వంటగదిలో నోరు పెగలకపోతే ఇంకెక్కడైనా సరే.

క్లాడెట్


సేంట్ ఫెలిసిటే
ఏప్రిల్ 5, 1992

చెల్లీ,

నీ ఉత్తరం ఒక రోజు ముందే, గురువారమే అందింది. శుక్రవారం పొద్దున్న మీ బావ బస్సు తీగ విప్పుతుంటే కోటు వేసుకుని వెళ్ళి బస్సెక్కాను. ఎందుకని అడగలేదు. తలుపు మూశాడు.

మా ఇంటినుంచి మొదటి పిల్ల ఎక్కే చోటుకి కొంత దూరం ఉంటుంది, మాపుల్ కొండ దిగేదాకా. ఆ దూరం చాలనుకున్నాను. డ్రైవరు వెనక సీటు దగ్గర నిలబడి, కడ్డీ పట్టుకుని చెప్పాను. నిబంధన చెప్పాను. డిసెంబరులోనే తెలుసని చెప్పాను. సభలో అతను లేచినప్పుడు కూడా తెలుసని చెప్పాను. మళ్ళీ ఆ కొట్లో కూర్చుంటాడేమోనని భయపడ్డానని చెప్పాను.

అద్దంలో నన్ను చూశాడు. "కూర్చో. బస్సు కదులుతుంటే లేచి నిలబడకూడదు," అన్నాడు.

కూర్చున్నాను.

"నాకూ డిసెంబరులోనే తెలుసు," అన్నాడు. అప్పటికి కొండ దిగిపోయాం. ఎర్ర లైట్లు వేసి ఆపాడు. ఇద్దరు పిల్లలు ఎక్కారు. పెద్దది నన్ను చూసి, "టీచరుగారూ, మళ్ళీ బడికి వస్తున్నారా?" అంది. లేదన్నాను. "మరెందుకొస్తున్నారు?" అంది. మీ బావ, "ఆవిడ టికెట్ లేకుండా ఎక్కింది, స్కూలు దగ్గర దింపేస్తాను," అన్నాడు. పిల్లలు నవ్వారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బస్సు నిండేకొద్దీ గోల. ఒక్కో చోట ఆగినప్పుడు అద్దంలో నన్ను చూసేవాడు. ఏమీ అనడానికి వీల్లేదు. ఇంతకన్నా పొడుగు ప్రయాణం నేను చెయ్యలేదు.

పిల్లలు దిగాక బస్సు స్కూలు వెనక ఆపి ఇంజను ఆపాడు. అప్పుడు మాట్లాడాడు. నాలుగు నెలల మాటలు. నేను అడ్డు రాలేదు. "నువ్వు నన్ను పిల్లాణ్ణి చూసినట్టు చూశావు. పిల్లలకే నువ్వు నిజం చెప్పేదానివి," అన్నాడు. కుర్చీ వద్దని లొరెట్‌కి చెప్తానన్నాను. "అదీ నన్ను అడక్కుండానే నిర్ణయించేస్తున్నావా?" అన్నాడు.

అప్పుడు అడిగాను. ఏం చేద్దాం అని. ఎల్మ్ రిడ్జ్ సంగతి అప్పుడు చెప్పాడు.

బహుశా నీకు తెలిసిన సంగతి ఇదేనేమో. అడగను.

రేపు మధ్యాహ్నం ఇద్దరం లొరెట్ ఆఫీసుకి వెళ్తున్నాం. ముందు అతని రాజీనామా కాగితం గిల్మన్‌కి ఇచ్చి, తర్వాత అక్కడికి. ఇంట్లో ఇప్పుడు పెద్దగా మాటల్లేవు. కోపం పోయిందో లేదో తెలియదు. రాత్రి ముంగిట్లోకి వెళ్ళి బస్సు చూసి వచ్చాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి కొట్టు తలుపు వైపు చూస్తూ ఉన్నాను. దాని జోలికి పోలేదు.

ఒడీల్


వెస్ట్ హార్లో
జూన్ 28, 1992

అక్కా,

మీ బోర్డు సంగతి ఇక్కడి పేపర్లో కూడా రెండు ముక్కలు వేశారు. హైస్కూలుకి సెలవులుంటాయి, చిన్నవాళ్ళకి ఉండవు అని. నీ పేరు తప్పు రాశారు, సిరోస్ అట. గర్వంగానే ఉంది.

బావ ఎలా ఉన్నాడు? రెండు నెలల నుంచి నీ ఉత్తరాల్లో బోర్డు గురించే ఉంది. అట్ల పేజీలు చదివి చదివి నాకు అలవాటైపోయింది, నువ్వు ఎక్కువ రాసేది ఏమిటో, దాటేసేది ఏమిటో.

క్లాడెట్


సేంట్ ఫెలిసిటే
అక్టోబరు 4, 1992

చెల్లీ,

నువ్వు అడిగినదానికి జవాబు ఇన్నాళ్ళూ రాయలేదు. రాయడానికి ఏమీ తెలియక రాయలేదు. దాచలేదు.

సెలవుల మీద బోర్డులో ఓటు అయ్యాక ఇరువైపులా తిట్టారు. ఒక రోజు మెట్ల మీద ఎవరో కుళ్ళిన దుంపల బుట్ట పెట్టి వెళ్ళారు. మీ బావ దాన్ని తిరగేసి, "బుట్ట బాగుంది," అని కడిగి కొట్లో పెట్టుకున్నాడు. కొట్టు తలుపు తెరిచిన ఆ రోజు నేను పొయ్యి దగ్గర నిలబడి లెక్కపెట్టుకుంటున్నాను, ఎంతసేపట్లో వస్తాడో అని. వెంటనే వచ్చాడు.

ఎల్మ్ రిడ్జ్ బస్సు అతని ఒంటికి ఇంకా పట్టలేదు. గంట ముందు లేవాలి. అక్కడి పిల్లల పేర్లు కలిసిపోతున్నాయంటాడు. వాళ్ళకి దుంపల సెలవులు లేవు. కాబట్టి మన ఊరి పిల్లలు పొలాల్లో ఉంటే అతను అక్కడి పిల్లల్ని బడికి తీసుకెళ్తున్నాడు. దారిలో జెడియన్ పొలం పడుతుంది. పాత బస్సు పిల్లలు యంత్రం మీద నిలబడి ఉంటారు. అతన్ని చూసి చెయ్యి ఊపుతారు. అతను ఒకసారి హారను కొడతాడట. ఈ సంగతి చెప్పిన రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. అది నా వల్లే. నువ్వు కాదన్నా నా వల్లే.

మొన్న బోర్డు తలుపులు మూసుకుని కూర్చుంది. అలాంటి సమావేశాల్లో మాట్లాడింది బయట చెప్పకూడదు, నీకు తెలుసు. ఒక టీచరు గురించి. ఆ మనిషి నాకు బాగా తెలుసు, మీ బావకీ తెలుసు. ఇంటికొచ్చేసరికి మొహం ఎలా ఉందో నాకే తెలుస్తోంది.

అతను నాకోసం తినకుండా కూర్చున్నాడు. కోడి పులుసు వేడి చేశాడు. "ఏమైంది?" అన్నాడు.

వంటగది, అదే కుర్చీ, అదే బల్ల. నా నోటి దాకా ఏవేవో వచ్చాయి. మంచు కురిసేలా ఉంది, జెడియన్ దుంపలు ఇంకా సగం భూమిలోనే ఉన్నాయి.

"ఒకటుంది," అన్నాను. "నీకు చెప్పకూడదు. బోర్డు చెప్పొద్దన్నది."

స్పూను కింద పెట్టి నా వైపు చూశాడు. ఫిబ్రవరిలో చూసినట్టే. నేను ఈసారి కళ్ళు దించలేదు.

"ఉందని చెప్పావుగా," అన్నాడు. "చాలు. ఆ ఉప్పు ఇటియ్యి."

నీ అక్క,
ఒడీల్